కుంటలో ఇల్లు

తుఫాను హెచ్చరిక విని, సముద్రం ఒడ్డు ఊరి నుంచి పెద్దవంగరకు వచ్చిన వియ్యపురాలు సత్యవేణికి చిలుకమ్మ చాయ్ అందించింది.

"గసొంటి ఊర్లె ఎట్లుంటరు వదినా?"

"ఏం చేస్తామండీ, ఊరంతా పల్లం. గాలికి సముద్రం మీదికొస్తుంది. కురిసిన వానకేమో పోయే దారుండదు."

"మాకు సముద్రమే లేదు. నిమ్మలంగ ఉండు," అని చిలుకమ్మ మురిసిపోయింది.

ఆ మురిపెం సాయంత్రం దాకా నిలవలేదు. అదే తుఫాను వాన ఇక్కడా దంచికొట్టి, నీళ్లు గడప దాటాయి.

సత్యవేణి గబుక్కున మంచమెక్కింది. "ఈ ఇల్లు ఎక్కడ కట్టారు వదినగారూ?"

చిలుకమ్మ గొంతు తగ్గింది. "కుంట పూడ్చి..."

"అయితే మనది ఒకే ఊరు!"

చిలుకమ్మ టీవీని కావలించుకుంది. "గిట్లయితే మీరు ముందుగాల ఏం ఎత్తుకుంటరు?"

"మనుషుల్ని," అంటూ సత్యవేణి ఆమె చెయ్యి పట్టి మిద్దె మెట్ల వైపు లాగింది.