కట్ట కింద దారి

రాఘవులు ఎర్రగుడ్డ ఊపాడు. మద్రాసు వైపు పోతున్న లారీ కీచుమంటూ ఆగింది. చంకన బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు గబగబా రోడ్డు దాటారు. డ్రైవరు తిట్టాడు. రాఘవులు తల వంచుకున్నాడు. రోజూ ఉండేదే.

గౌతమి మీద వంతెన పడ్డాక, రావులపాలెం పక్కనున్న ఆ పేటను నేషనల్ హైవే నిలువునా చీల్చేసింది. రెండు నిలువుల ఎత్తు కట్ట, దాని మీద రోడ్డు. చర్చీ, మంచినీళ్ళ నుయ్యి తూర్పున పడ్డాయి. ఇళ్ళు సగం పడమట మిగిలాయి. సొంత అన్నదమ్ములు కూడా ఆదివారమే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. మొదటి ఏడాదే మార్తమ్మ కూతురు ఎలీసమ్మ నీళ్ళబిందెతో వస్తూ లారీ కింద పడి చనిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ లారీ దొరకలేదు.

మరుసటి ఏడు రాఘవులు వచ్చాడు. తుని అవతల ఏదో ఊరన్నాడు. పెళ్ళాం పిల్లలు లేరు. కట్ట పక్కన పాక వేసుకుని సైకిళ్ళకు పంక్చర్లు వేసేవాడు. లారీ టైరు తెస్తే మాత్రం ముట్టుకునేవాడు కాదు. రోడ్డు మీద బ్రేకు చప్పుడైతే చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాడు. పొద్దునా సాయంత్రం ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడేవాడు. ఆ పనికి అతన్నెవరూ పెట్టలేదు.

దేవుడు పంపిన మనిషని ఓ ఆదివారం పాస్టరు గారు ప్రసంగంలో చెప్పారు. ఆ రోజు నుంచి రాఘవులు చర్చీ గుమ్మం తొక్కలేదు.

ఒక పిల్ల మాత్రం ఎన్ని లారీలు ఆపినా దాటేది కాదు. పొద్దువాలే వేళ తూర్పు అంచున నిలబడేది. ఆకుపచ్చ పరికిణీ, చంకన బిందె. చూపు అవతలి ఇళ్ళ మీదే. రాఘవులు గుడ్డ ఊపి దారి ఇస్తే, అతని వంక చూసేది. కదిలేది కాదు. ఆ పూట అతనికి మెతుకు దిగేది కాదు.

ఓసారి ఉండబట్టలేక మార్తమ్మకు చెప్పేశాడు. ఏం కట్టుకుందని ఆమె అడిగింది. చెప్పాడు. ఆమె వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం అతనికీ అన్నం తెచ్చిపెట్టడం మొదలుపెట్టింది.

పైన బళ్ళు ఆపితే చాలదు, కింద నుంచి దారి ఉంటేనే ఆ పిల్ల దాటుతుందని రాఘవులు మనసులో పడిపోయింది. జీవరత్నం మాస్టారి చేత అర్జీలు రాయించాడు. ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించాడు. కాకినాడ బస్సు ఎన్నిసార్లు ఎక్కాడో. నలుగురి కోసం నేషనల్ హైవే తవ్వుతారటయ్యా అని అక్కడ కలెక్టరాఫీసు గుమాస్తాలు నవ్వేవారు.

ఎనభై ఆరు వరదకి పేట దగ్గర కట్ట కోసుకుపోయింది. గండి పూడ్చడానికి మట్టి లారీలు వచ్చాయి. కింద దారి వదిలితే గాని పూడ్చనివ్వనంటూ రాఘవులు మొదటి లారీ చక్రాల ముందు పడుకున్నాడు. అతని వెనక పేటంతా వచ్చి కూర్చుంది, రెండు వైపుల వాళ్ళూ. మూడోరోజుకి ఇంజనీరు జీపు దిగాడు.

"ఇక్కడ నీవాళ్ళెవరైనా పోయారా?" అని రాఘవుల్ని అడిగాడు.

రాఘవులు నోరు తెరిచాడు.

"ఆయ్, మా మనిషేనండీ," అంది మార్తమ్మ. "మా ఇంటి అన్నమే తింటాడు."

ఏడాదిన్నరకి దారి పూర్తయింది. తలెత్తుకుని నడిచేంత ఎత్తు, సైకిళ్ళు ఎదురుబొదురు పోయేంత వెడల్పు. ప్రార్థన అయ్యాక ముందు మార్తమ్మే నడవాలన్నారు. ఆమె రాఘవులు చెయ్యి పట్టుకుని లోపలికి దిగింది. మిగతావాళ్ళు బయటే ఆగారు.

నడిమధ్యకు వచ్చేసరికి నెత్తి మీంచి లారీ వెళ్ళింది. గోడలు అదిరాయి. రాఘవులు ఆగిపోయాడు.

"పిల్ల దాటుంటుందంటారా, అమ్మా?"

"దాటే ఉంటది, నాయనా," అంది మార్తమ్మ, అతని చెయ్యి వదలకుండానే.

"ఆవేళ దాటలేంది నేనే," అందామె. "బళ్ళు ఆగక పడమటి గట్టున నిలబడి, నువ్వు నీ లారీ దిగి నా బిడ్డ నోట్లో నీళ్ళు పోసి, మళ్ళీ లారీ ఎక్కి వెళ్ళిపోడం చూస్తానే ఉన్నాను."