వెనక గది విలువ

మార్చి తొమ్మిది ఆయనకింకా గుర్తే. ఆ రోజు కూతురు వేసిన ఆమ్లెట్లు తిన్నాక, ఇళ్లకు విలువ కట్టడం నేర్పే మాస్టారు కావడానికి పెట్టే పరీక్ష కోసం ఆమె ఎదుట పాఠం చెప్పి చూసుకుంటున్నాడు. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే ఇక రాయనివ్వరు.

“పుస్తకంలోది అప్పజెప్పకండి మాస్టారూ, ఉదాహరణ చెప్పండి,” అని ఆటపట్టించింది కూతురు.

“సరే, మన వెనక గదే తీసుకో. కట్టడానికి బోలెడు ఖర్చయింది. కొనేవాడికది అక్కర్లేదు. దానివల్ల ఇంటికి పెరిగిన విలువ సున్నా. అర్థమైందా?”

కాపురం చెడి తిరిగొచ్చిన ఆమె కోసమే కట్టించిన గది అది.

ఆయన నాలుక కరుచుకున్నాడు. “అమ్మడూ, నేనన్నది...”

“ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు నాన్నా. ఈసారి పాసవుతావు.”

పళ్లేలు కడిగి, వెనక గదిలోకి వెళ్లి, ఆయన చదువుకు అడ్డురాకుండా మెల్లగా తలుపు వేసుకుంది.