చెప్పడం వాళ్ళ డ్యూటీ

“దాచింది తియ్యి.”

సింహాచలమ్మ గొంతు పెంచలేదు. మంచం మీద ప్రశాంతి కళ్ళు మూసుకొంది. అత్తగారే కోడలి దిండు కింద చేయి పెట్టి, ఉడికించిన గుడ్డును బయటకు తీసి, గుమ్మంలో నిలబడ్డ ఎలీసమ్మ చేతిలో పెట్టింది.

“మీ గుడ్డు మీరే తినండి ఒదినా. మా బాలింతకి ఒద్దు.”

భర్తకు బదిలీ కావడంతో ఎలీసమ్మ ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అనే ఆ రైల్వే కాలనీలోని పక్క క్వార్టర్‌కు వచ్చి ఇంకా నెల తిరగలేదు. వచ్చిన నాటి నుంచి గోడ అవతల పసిబిడ్డ ఏడుపు వింటూనే ఉంది. మొదట్లో అది ఆకలి కేక. ఇప్పుడు కేక వేసే శక్తి కూడా పోయి మూలుగుగా మారింది.

“పిల్లకి పాలు సాలడం లేదొదినా. తల్లి తింటే గదా...”

“పాలకి ఎల్లుల్లి కారం ఎడతన్నాను. పప్పెడితే సీము. గుడ్డెడితే వాతం. సేపెడితే బిడ్డకి ఇరోసనాలు. నూనె సుక్క తగిల్తే పచ్చి కడుపు ఆరదు. మా యత్త నాకెట్టలేదు. నేను బతకలేదేటి?”

“ఆస్పత్రిలో డాక్టరమ్మ అన్నీ తినమందంట గదా?”

“అంటాది. సెప్పడం ఆళ్ళ దూటీ. ఇల్లు ఇల్లే.”

సింహాచలమ్మ బిడ్డను ఎత్తి, రెండు చేతుల మీదా ఒకసారి ఆడించింది. “పోయిన వారం కన్నా తగ్గింది. నా సెయ్యి తప్పు సెప్పదు.” ఒక్క క్షణం ఆమె ముఖంలో ఏదో కదిలింది. మరుక్షణం కోడలి చేతిని బిడ్డ తల మీద పెట్టించింది.

“ఇంక పత్తెం తప్పనని ఒట్టెయ్యి.”

ప్రశాంతి వేసింది. సింహాచలమ్మ గొడుగు తీసుకొని పనికి వెళ్ళిపోయింది.

పథ్యం పేరిట ప్రశాంతి కంచంలోకి వస్తున్నది మెత్తని అన్నమూ వెల్లుల్లి కారమూ మాత్రమే. కోతపడిన కడుపు అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి. పాలిచ్చే ఒంటికి కాస్త నూనె, కాస్త కొవ్వు కావాలి. ఆ ఇంట్లో అవి లేక కాదు. పప్పు డబ్బా నిండుగా ఉంది. నూనె సీసా పొయ్యి పక్కనే ఉంది. కొడుకు ఉమాశంకర్ కంచంలో రోజూ చేప ఉంది. బిడ్డకు పాలిచ్చే మనిషికే ఏమీ లేదు.

సాయంత్రం వర్క్‌షాప్ నుంచి వస్తున్న ఉమాశంకర్ సైకిల్‌కు ఎలీసమ్మ అడ్డం నిలబడింది.

“బాబూ, నువ్వైనా మీ యమ్మకి సెప్పు. బాలింత నీరసపడిపోతంది.”

“మా యమ్మ ఊరందరికీ సెప్పే మనిసి పిన్నీ. ఆవిడకి నేనేటి సెప్తాను?” అతను తల దించుకొని సైకిల్‌ను లోపలికి నడిపించుకు పోయాడు.

మర్నాడు అత్తగారు పనికి పోయాక ప్రశాంతి స్నానాల గది గుమ్మంలో పడిపోయింది. ఎలీసమ్మ పరుగెత్తుకు వెళ్ళి లేవదీసింది. ఆస్పత్రికి పోదామంటే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. గుడ్డు నోటి దగ్గర పెడితే పెదవులు బిగించుకొంది.

“ఒద్దు పిన్నీ. బిడ్డ మీద ఒట్టు.”

ఆ పిల్లను పడుకోబెట్టి, ఎలీసమ్మ ఆటో ఎక్కి ఝపటాపూర్‌లోని మేనకోడలు ఏంజలిన్ ఇంటికి పోయింది. ఏంజలిన్‌ది కూడా ఆపరేషనే, అదే వారంలో. ఆమె బిడ్డ బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఆమె అత్తగారు స్వయంగా అన్నంలో చేపల పులుసు వడ్డిస్తోంది.

“నీకు పత్తెం ఎట్టలేదేటే?”

“ఎట్టకేటత్తా? మొదట్లో ఎట్టారు. మా అంగన్‌వాడీ దీదీ ఇంటికొచ్చి మా అత్తని దులిపేసింది. పప్పూ గుడ్డూ లేకపోతే కుట్లెలా మానతాయి, నూనె తగలకపోతే ఒంటికి సత్తువెలా ఒస్తాదని.”

అత్తగారు నవ్వింది. “పోలీసులన్నా నాకంత బయిం లేదమ్మా. సెంటర్లో ఇచ్చే గుడ్డు ఇంటికి తేనియ్యదు. మొగుడో అత్తో తినేస్తారని, తనే ఒలిచి నోట్లో ఎడతాది.”

ఎలీసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నన్నక్కడికి తీసికెళ్ళే. ఇప్పుడే. నాకు బెంగాలీ సరిగ్గా రాదు, నువ్వే సెప్పాల.”

“తెలుగులోనే సెప్పత్తా. దీదీకి అన్నీ ఒచ్చు.”

సెంటర్ ఒకటే గది. గోడ మీది బొమ్మలో గుడ్డు, చేప, పప్పు, నూనె సీసా ఉన్నాయి. ఆడవాళ్ళు వరుసగా చాప మీద కూర్చున్నారు. వాళ్ళ నడుమ దీదీ గుమ్మానికి వీపు పెట్టి, ఒక గర్భిణి ముందు వంగి ఉంది. ఎలీసమ్మ చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది.

“దీదీ! మా పక్కింట్లో ఒకత్త బాలింతని కడుపు మాడ్చి సంపేత్తంది. బిడ్డ కూడా దక్కదు. ఎవలు సెప్పినా ఇనదు. మీరొచ్చి సెప్తే ఇంటాది. మీ కాళ్ళట్టుకుంటాను, రండి!”



ఒలిచిన గుడ్డు చేతిలో పట్టుకొని సింహాచలమ్మ ఇటు తిరిగింది.