తత్వాల ప్రసాద్ డిస్కో

తెల్లారినా సత్యప్రసాద్ ముసుగు తీయలేదు. పక్క క్వార్టరులో ఎవరో, నిన్న సాయంత్రం తను పాడిన పాటని ఈల వేస్తున్నారు. అది వింటుంటే ఒంటి మీద తేళ్లు పాకుతున్నట్టుంది.

భిలాయి తెలుగువాళ్లలో తత్వాలు పాడాలంటే ఆయనే. ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. ప్రతి శనివారం సాయంత్రం సెక్టర్ సెవెన్‌లో తన క్వార్టరు వరండాలో తంబురా పట్టుకుని కూర్చుంటాడు. ఆత్మ గురించీ, మట్టిలో కలిసే ఈ దేహం గురించీ ఆయన గొంతెత్తితే ఒకప్పుడు వరండా చాలేది కాదు. తొంభై మూడు నాటికి వినేవాళ్లు ఏడుగురు మిగిలారు.

వాళ్లలో ముసలి పోలయ్య ఒకడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరై పక్క ఊరు కుమ్హారిలో ఉంటున్నాడు. తొమ్మిదేళ్లలో ఒక్క శనివారం తప్పలేదు. ముందు వరసలో కూర్చుని, రెప్ప వేయకుండా సత్యప్రసాద్ మొహంలోకే చూసేవాడు. పాటలయ్యాక మాటా పలుకూ లేకుండా దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాడు.

"నా పాట విన్నోడంటే పోలయ్యే" అని సత్యప్రసాద్ భార్యతో చాలాసార్లు అన్నాడు.

వినాయక చవితి పందిట్లో పాడమని కమిటీ తరఫున మనోజ్‌కుమార్ వచ్చాడు.

"తత్వాలు మావాళ్లకి సమఝ్ కావు అంకుల్. మీ ఆవాజ్ డిస్కోకి ఎక్‌దమ్ ఫిట్. ఒక్కసారి ట్రై చెయ్యండి."

నిండు పందిరి ముందు పాడి ఎన్నేళ్లయిందో. ఆశ పుట్టింది. ఒప్పుకున్నాడు.

నిన్న సాయంత్రం ఆయనకి తళతళలాడే చొక్కా తొడిగారు. డ్రమ్ములు మొదలయ్యాయి. కుర్రాళ్లు కుర్చీలు తోసేసి గంతులేశారు. రెండో చరణంలో ఆయన చూపు పోలయ్య మీద పడింది. ముసలాయన లేచి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, మనిషెత్తు స్పీకరు బాక్సుకి రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు. ఆపమంటున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. కాసేపటికి తల వంచుకుని, దణ్ణమైనా పెట్టకుండా వెళ్లిపోయాడు.

సత్యప్రసాద్ మైకు పక్కన పెట్టేశాడు. జనం "వన్స్ మోర్" అంటుంటే, చొక్కా గుండీలు విప్పుకుంటూ స్టేజీ దిగిపోయాడు.

"ఏటి, డ్యూటీకెల్లరా?" అంది భార్య రజనీకుమారి, ముసుగు లాగుతూ.

"ఏ మొహం పెట్టుకుని ఎల్లమంటావు? ఆ పెద్దాయన ముందు నా పరువు నేనే తీసీసుకున్నాను. ముందెల్లి ఆయన కాళ్ల మీద పడాలి."

కుమ్హారి బస్సెక్కాడు. ఎదురు సీట్లో ఎవరో తెలిసినవాళ్లు నవ్వితే కిటికీ వైపు తిరిగిపోయాడు.

పోలయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సత్యప్రసాద్ వంగి ఆయన పాదాలు పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది బాబాయ్. చప్పట్లకి ఆశపడి పాడీసినాను. ఇంకెప్పుడూ అలాటి పాట నా నోట రాదు."

పోలయ్య కంగారుగా ఇంట్లోకి చెయ్యి ఊపాడు. సత్యప్రసాద్ పాదాలు వదల్లేదు. ఇంట్లోంచి పోలయ్య భార్య అప్పయమ్మ చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చి సత్యప్రసాద్‌ని లేవదీసింది.

"జొరమొచ్చి ఈయన చెవులు పోయి పదిహేనేళ్లయింది బాబూ, మీ పాట నిన్నే మొట్టమొదలు ఇన్నాడు, అరిచేతుల్తోటి."