ఆపేసిన బెల్టు

జుట్టు నెరిసేదాకా పెట్టెలు కట్టిన అనుభవం చాలదట. ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పాసైతేనే సూపర్‌వైజర్ పని, లేకపోతే ఇంటికే అన్నారు. బడి మధ్యలో మానేసిన నాకు ఈ వయసులో ఆన్‌లైన్ చదువు. షిఫ్టు ముగిసి అందరూ వెళ్లాక, ప్యాకింగ్ షెడ్డులో ఒంటరిగా ఫోన్ ముందు కూర్చున్నాను. క్లాసు మధ్యలో లేస్తే హాజరు పోతుంది.

"బాబాయ్, ఆ బెల్టు ఆపు. చెవులు చిల్లులు పడుతున్నాయి," అన్నాడు తోటి విద్యార్థి.

"ఆపేసే కూర్చున్నాను."

నా వెనక పెట్టెలు మోసుకొచ్చే బెల్టు కదలడం లేదు. మెయిన్ స్విచ్ నేనే దించాను. షెడ్డులో నా ఊపిరి తప్ప చప్పుడు లేదు.

"ఉండనివ్వండి, మంచి ఉదాహరణ," అంది నా కూతురి వయసున్న మేడమ్. "పెట్టె జారే చప్పుడు వినండి. ఏం తెలుస్తోంది?"

"దగ్గరికొస్తోంది మేడమ్."

చెవులు రిక్కించాను. ఏమీ వినబడలేదు.

"ఇప్పుడు ఆగిపోయింది," అన్నాడు వాడే.

"లైన్ ఎందుకు ఆగుతుంది?"

"వచ్చినదాన్ని అందుకోకుండా మనిషి ఊరికే కూర్చుంటే మేడమ్."

"విన్నారుగా అండీ," అంది మేడమ్ నాతో. క్లాసంతా నవ్వింది.

"అందుకో మరి, బాబాయ్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తెరమీది ముఖాలన్నీ నా భుజం వెనక్కి చూస్తున్నాయి.