అందరి కళ్ళూ

గిద్దలూరు ఫొటోగ్రాఫర్ ఖాలిద్ బేస్తవారిపేట చేరేసరికి చీకటి పడింది. చనిపోయిన జగన్నాథం కళ్ళు మూసి, దవడకు గుడ్డ కట్టి, కుర్చీలో కూర్చోబెట్టారు. కడసారి ఫొటో కోసం ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు.

ఎన్నిసార్లు తీసినా ఫొటోలో అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి.

“అసలు ఫ్లాష్‌కు ముందు చిన్న మెరుపొకటి వస్తాది పెద్దమ్మా. దానికే రెప్పలు పడతాండాయి. దాన్ని ఆపేస్తా,” అన్నాడు ఖాలిద్, జగన్నాథం భార్య సావిత్రితో.

ఆపాడు. ఏడుపులు కూడా ఆగాయి. ఫ్లాష్ చార్జవుతున్న సన్నటి కూత ఒక్కటే వినిపించింది. నొక్కాడు.

“ఈసారన్నా కళ్ళు తెరిచినామా నాయనా?” అడిగింది సావిత్రి.

ఖాలిద్ కెమెరా స్క్రీన్ మీది నుంచి తల ఎత్తలేదు. కుర్చీ వైపు చూసే ధైర్యం చాల్లేదు.

“అందరూ తెరిచినారు పెద్దమ్మా.”