పూత కింద

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు.

పరిశోధక విద్యార్థిని ప్రయోగశాల తలుపు తీసేసరికి, నాలుగు రోజుల కిందట సీసాలు కడగడానికి చేరిన ముసలాయన ఆమె బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

ఆయన చేతిలో ఆమె ఎలక్ట్రోడు ఉంది. పెన్సిలంత కడ్డీ, చివర నల్లటి కార్బన్ బిళ్ళ. తడిగుడ్డ మీద తెల్లపొడి చల్లి, ఎనిమిది అంకె దిద్దినట్టు బిళ్ళను రుద్దుతున్నాడు.

ఆ బిళ్ళ మీద కరెంటును పోనిచ్చే ఇనుప సమ్మేళనం నీలి పొరగా నిలవాలి. ఆరు నెలలుగా ఎక్కిస్తూనే ఉంది. రెండోసారి కడిగేసరికి ఉల్లిపొట్టులా లేచిపోతోంది. శుక్రవారానికి నిలవకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ప్రొఫెసరు ఊరెళ్తూ చెప్పాడు.

"ఎవరు ముట్టుకోమన్నారు తాతా?"

"పూతదేం తప్పు లేదమ్మా. కింద నేల బాగోలేదు."

రుద్దడమంటే ఆమెకు గిన్నెలు తోమడంతో సమానం. రెండు నిమిషాల్లో ముగించేది.

"రసాయనాలు మార్చి మార్చి నేను చస్తున్నా. సీసాలు కడిగే నువ్వు చెప్తావా నాకు?"

ఆయన బిళ్ళ మీద ఒక నీటిచుక్క వేసి చూశాడు. చుక్క పూసలా నిలబడకుండా పల్చగా పరుచుకుంది. కడ్డీని బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

ఆమె స్టోరుకీపరుతో చెప్పింది. మధ్యాహ్నానికల్లా ఆయనను పంపించేశారు.

గురువారం, మిగిలిన కడ్డీలన్నీ పాడయ్యాక, గతిలేక ఆయన రుద్దినదానికే పూత పెట్టింది.

పదిసార్లు కడిగింది. యాభైసార్లు కడిగింది. నీలం చెక్కు చెదరలేదు. కంప్యూటరు తెర మీద కరెంటు చూపే గీత, వెనకటి గీత మీదే అచ్చుగుద్దినట్టు పడింది.

శుక్రవారం ప్రొఫెసరు ఆ గీతలు చూసి, ఏం మార్చావని అడిగాడు. పూతలో ఏమీ మార్చలేదని, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"చుక్క వేసి చూశాడా?"

"చూశాడు సార్."

ప్రొఫెసరు లేచి స్టోరుకు నడిచాడు, ఆమె వెనకాలే వెళ్ళింది. ముసలాయన వచ్చింది సారును కలవడానికేనట, స్టోరుకీపరు చెప్పాడు. వచ్చేదాకా ఊరికే కూర్చోవడం ఇష్టంలేక సీసాలు కడుగుతానన్నాడట. రోజూ పొద్దున్నే "సారొచ్చారా బాబూ" అని అడిగేవాడట. ఏ ఊరో ఎవరూ అడగలేదు.

"నేనే వెళ్ళగొట్టించాను సార్."

"నువ్వు గదిలోంచి. నేను పేపర్లోంచి."

ఆమెకు అర్థం కాలేదు. ప్రొఫెసరు తన గదికి తిరిగొచ్చి, క్యారియరు విప్పి, సగం ఆమె ముందుకు జరిపాడు.

"నాకు ఈ కుర్చీ తెచ్చిపెట్టిన పొరలన్నీ ఆ చేతులు రుద్దిన బిళ్ళల మీద నిలబడ్డవే. పరిశోధన పేపర్లో నా పేరొక్కటే వేసుకున్నాను," అన్నాడు.